కందెన గొట్టం

మా పెద్దనాయన పోయిన పదకొండో రోజు. భోజనాలు అయిపోయాయి. చుట్టాలు వేపచెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని బస్సుల టైము మాట్లాడుకుంటున్నారు. నేను ఇంటి వెనక కొట్టంలోకి పోయాను. అందులో పశువులు లేక చాలా ఏళ్ళయింది. యూరియా సంచులు, మోటారు పైపులు, విరిగిన నులక మంచం. మంచాన్ని పక్కకు జరుపుతుంటే గోడ మేకుకు వేలాడుతూ ఒక వెదురు గొట్టం కనిపించింది. దాని మూతికి కట్టిన గుడ్డ ముట్టుకోగానే చివికి రాలిపోయింది. లోపలి నుంచి వచ్చిన వాసనకు నేను అక్కడే చతికిలబడ్డాను.

కందెన వాసన. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవాళ్ళు. బండి ఇరుసుకు పూస్తే చక్రం అరవకుండా తిరిగేది. ఆ గొట్టం ఎప్పుడూ బండి కిందనే ఊగుతూ ఉండేది. ముదిరిన ఆముదం, మసి, దుమ్ము, ఎండ అన్నీ కలిసిన ఆ వాసన ఎక్కడ తగిలినా నాకు రాత్రి గుర్తొస్తుంది. రాత్రి, బాట, దొంగలు.

*

మాది నవాబుపేట దిక్కు. పల్లికాయ అమ్మాలంటే బాదేపల్లి మార్కెట్టుకు పోవాలి. దాదాపు ఆరు కోసులు. పొద్దుగూకినాక బువ్వ తిని బండ్లు కడితే తెల్లవారుజామున జడ్చర్లలో రైలు కూత వినపడేది. ఆ కూత వింటే పెద్దనాయన "వచ్చినం బిడ్డా, లే" అని నన్ను లేపేవాడు.

ఆయనకు ఆడపిల్లలు లేరు. నేను ఏడిస్తే తట్టుకునేవాడు కాదు. అందుకే బస్తాల మీద గడ్డి పరిచి, దాని మీద గొంగడి వేసి, నన్ను కూర్చోబెట్టి తీసుకుపోయేవాడు. మా అమ్మ ఎంత మొత్తుకున్నా వినేవాడు కాదు.

ఒంటరి బండి ఎప్పుడూ పోయేది కాదు. అయిదో ఆరో బండ్లు, ఒకదాని వెనక ఒకటి. ముందు బండికి తెలివైన ఎద్దులు, చివరి బండికి ధైర్యమున్న మనిషి. ఇది మా ఊళ్ళో లెక్క. నడిమి బండ్ల వాళ్ళు నిద్రపోయినా ఫర్వాలేదు, ఎద్దులు ముందు బండి వెంట వాటంతట అవే నడిచేవి. పెద్దనాయన బండి ఎప్పుడూ చివరిదే. వెనక్కి తిరిగి పడుకుంటే నాకు బాట దూరమవుతూ కనిపించేది. కింద లాంతరు ఊగితే చక్రం ఆకుల నీడలు బాట మీద పెద్దగా తిరిగేవి. గజ్జెల చప్పుడు, ఇనుప పట్టా రాళ్ళ మీద గరగరలాడే చప్పుడు, ఎవరో ఒకరి దగ్గు. ఆ చప్పుళ్ళు వింటూ పడుకున్నంత హాయిగా నేను తర్వాత ఏ పరుపు మీదా పడుకోలేదు.

సగం దూరం పోయాక వాగు, వాగు పక్కన చింతతోపు. తోపు రాకముందే మాటలు ఆగిపోయేవి. చుట్టలు ఆర్పేసేవాళ్ళు. అక్కడ ఎప్పుడో బండ్లు దోచారని, ఒక షావుకారును చెట్టుకు కట్టేశారని చెప్పుకునేవాళ్ళు. ఎవరి కాలంలోనో ఎవరికీ తెలియదు. కానీ తోపు దాటేవరకు పెద్దవాళ్ళంతా ఊపిరి బిగబట్టుకునే ఉండేవాళ్ళు. దాటాక మొదట మాట్లాడేవాడు ఎప్పుడూ ఎద్దులతోనే మాట్లాడేవాడు.

పోయేటప్పటి కంటే వచ్చేటప్పుడు భయం ఎక్కువ. అప్పుడు చేతిలో పైసలుంటాయి. పెద్దనాయన నోట్లను గుడ్డలో చుట్టి ఎద్దుల దాణా సంచి అడుగున పెట్టేవాడు. నడుముకు కట్టిన సంచిలో మాత్రం చిల్లర. దొంగ అడిగితే ఇవ్వడానికి ఏదో ఒకటి ఉండాలి, ఏమీ లేదంటే వాడికి కోపమొస్తది అనేవాడు.

అన్నేళ్ళలో మమ్మల్ని బాట మీద ఎవరూ దోచుకోలేదు. పోయింది ఏదన్నా ఉంటే కాంటా దగ్గరే పోయింది. కమీషను మీద సరుకు అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో బస్తాకు ఇంతని తరుగు తీసేవాళ్ళు, ఎందుకని అడిగితే దుమ్ము అనేవాళ్ళు. ఆ రోజు తిరుగుదారిలో పెద్దనాయన ఒక్క మాట మాట్లాడలేదు. తోపు దగ్గర చుట్ట కూడా ఆర్పలేదు.

*

మా అవ్వకు బాట గురించి కొన్ని నియమాలుండేవి. బాటలో కలిసినవాడి చేతి తమలపాకు కూడా తినొద్దు. తీయగా మాట్లాడుతూ వెంట నడిచేవాడిని ముందు నడవమనాలి, వెనక ఉండనివ్వొద్దు. రుమాలు చేతిలో తిప్పుతూ నడిచేవాడి పక్కన కూర్చోవద్దు.

ఈ మూడోది నాకు వింతగా ఉండేది. మా ఊళ్ళో రుమాలు లేని మగవాడే లేడు కదా. పెద్దయ్యాక, టీచరు ఉద్యోగం వచ్చాక ఠగ్గుల గురించి చదివాను. బాటసారుల్లో కలిసిపోయి, రోజుల తరబడి వాళ్ళతో నడిచి, నమ్మకం కుదిరాక రుమాలుతో గొంతు బిగించి చంపేవాళ్ళు. 1830లలో స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి వాళ్ళను వెతికి పట్టించాడు. నిజాం కొలువులో పనిచేసిన మెడోస్ టేలర్ వాళ్ళ మీద 1839లో నవలే రాశాడు. ఆ పేజీ చదువుతూ ఆగిపోయాను. చదువు రాని మా అవ్వ నోట్లో నూటయాభై ఏళ్ళ నాటి జాగ్రత్త చెక్కు చెదరకుండా ఉంది. వాళ్ళ అవ్వ ఆమెకు చెప్పి ఉంటుంది, ఆమెకు ఇంకొక అవ్వ. ఠగ్గు అనే మాట మా అవ్వ ఎన్నడూ అనలేదు. రుమాలును మాత్రం మరిచిపోలేదు.

*

దొంగలంటే ఇంత భయపడే మా అవ్వ, సాయన్న పాట మొదలైతే కొంగు నోట్లో పెట్టుకుని ఏడ్చేది.

పంటలు ఇంటికొచ్చే కాలంలో కిన్నెరాయన వచ్చేవాడు. నాగర్‌కర్నూలు దిక్కు నుంచి కాలినడకన ఊరూరా తిరుగుతూ వచ్చేవాడు. భుజాన కిన్నెర. పొడుగాటి వెదురు బొంగు, దానికి ఎండిన సొరకాయ బుర్రలు, కొసకు నెమలీకలు. బొంగు మీద వరుసగా మెట్లు. ఆ మెట్లు ఒంటినిండా పెంకులుండే అలుగు అనే జంతువు పెంకులతో చేసినవని, తేనెమైనంతో అంటించినవని ఆయనే చెప్పాడు. పిల్లలం ముట్టుకోబోతే కసిరేవాడు కాదు. "పానమున్నది దానికి, మెల్లగ" అనేవాడు.

మా వాకిట్లో కూర్చుని మొదట తీగలు సవరించుకునేవాడు. ఆ సవరించడమే ఒక పాటలా ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళు చేటలు, రోకళ్ళు ఎక్కడివక్కడ వదిలి వచ్చేవాళ్ళు. మియాసాబు పాట కావాలా, సాయన్న పాట కావాలా అని అడిగేవాడు గానీ, జవాబు ఆయనకు తెలుసు. మా దిక్కు ఎవరైనా సాయన్ననే అడుగుతారు.

పండుగ సాయన్న మా నవాబుపేట దిక్కు మనిషి. ముదిరాజుల ఇంటి బిడ్డ. నిజాం కాలం, పందొమ్మిదో శతాబ్దం చివరి ఏళ్ళు. పటేళ్ళు, దొరలు, షావుకార్ల గాదెలు కొల్లగొట్టి లేనివాళ్ళకు పంచాడని పాట. సర్కారు కాగితాల్లో అలాంటి మనిషిని దొంగ అనే రాస్తారు. పాలమూరు పల్లెల్లో మాత్రం ఆయన పేరు చివర 'అన్న' తీసి పలికినవాళ్ళను నేను చూడలేదు.

కిన్నెరాయన కథను తొందరగా నడిపేవాడు కాదు. సాయన్న గాదె తలుపు తీసే చోట చాలాసేపు ఆగేవాడు. ఎవరికి ఎన్ని గింజలు దక్కాయో ఒక్కొక్క ఇల్లు లెక్కపెట్టేవాడు. ముసలమ్మకు ఇన్ని, బాలింతకు ఇన్ని, కాలు విరిగినవాడికి ఇన్ని. మేం ఏ ఊరి పిల్లలమో ఆ ఊరి వీధి పేర్లు అందులో వచ్చేవి. మా అవ్వ ఇంటి ముందు ఆయన పాడుతుంటే మా వాడ పేరే వచ్చేది. నాకు చిన్నతనంలో అది నిజమే అనిపించేది. సాయన్న మా వాడకే వచ్చి, మా గడపలోనే గింజలు పోసి పోయాడని చాలా కాలం నమ్మాను.

కత్తులు, గుర్రాలు, కొట్లాటలు ఆయన పాటలో ఉండేవి గానీ, జనం కదిలేది గింజల దగ్గర. ఇది నాకు ఇప్పుడు తడుతోంది. కరువు చూసిన ఊళ్ళు అవి. మేస్త్రీల వెంట వలస పోయి, కట్టలు కట్టి, కాలువలు తవ్వి వచ్చిన జనం. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిపించుకున్నవాళ్ళు. వాళ్ళకు కావలసింది శౌర్యం కాదు, తెరిచిన గాదె.

చివరికి సాయన్నను పట్టుకుని చంపే ఘట్టం వచ్చేసరికి కిన్నెర ఒక్క తీగ మీద ఉండిపోయేది. వాకిట్లో ఎవరూ కదిలేవాళ్ళు కాదు. పాట అయిపోయాక మా అవ్వ లేచి లోపలికి పోయి కుంచెడు జొన్నలు తెచ్చి ఆయన జోలెలో పోసేది. మామూలుగా మానెడు ఇచ్చే మనిషి ఆమె.

*

ఒక రాత్రి తోపు దగ్గరే మా బండి కడసీల, చక్రం జారకుండా ఇరుసు కొసకు పెట్టే సీల, ఊడిపోయింది. చక్రం పక్కకు ఒరిగింది. బండి కూలబడింది. ముందు బండ్లవాళ్ళను పెద్దనాయన ఆగనివ్వలేదు. పొద్దున మొదటి కాంటాకు అందకపోతే అందరి సరుకూ ఆగిపోతుంది. "మీరు పోండ్రి, వచ్చేటప్పుడు కడసీల పట్టుకరాండ్రి" అన్నాడు. నన్ను వాళ్ళ బండిలో పంపుతానంటే నేను ఆయన కాలు పట్టుకుని వదల్లేదు.

బండ్ల గజ్జెలు దూరమై దూరమై ఆగిపోయాయి. లాంతరు ఆర్పేశాడు, వెలుతురు కనపడొద్దని. ఎద్దులను విప్పి చెట్టుకు కట్టి, నన్ను బస్తాల సందులో కూర్చోబెట్టి, ములుగర్ర పట్టుకుని నా పక్కనే కూర్చున్నాడు. చింతాకు రాలినా వినపడేంత నిశ్శబ్దం. వాగులో కప్పలు ఒక్కసారిగా అరిచి ఒక్కసారిగా ఆగిపోయేవి. ఆగినప్పుడల్లా ఎవరో వస్తున్నారని నా గుండె కొట్టుకునేది.

కొంతసేపటికి ఆయన సన్నగా పాడడం మొదలుపెట్టాడు. సాయన్న పాట. కిన్నెరాయన పాడినంత బాగా కాదు, గొంతు బొంగురుపోయి ఉంది. నేను ఎందుకు పాడుతున్నవని అడిగాను.

"సాయన్న మనుషులు ఇంకా ఈ చెట్లల్లనే తిరుగుతుంటరు. పాట వింటే మనం ఆయన దిక్కు జనమని తెలుస్తది. ఎవ్వరు ముట్టుకోరు" అన్నాడు.

నాకు భయం పోయింది. ఒక్క మాటతో పూర్తిగా పోయింది. చెట్ల మీద మనవాళ్ళే ఉన్నారనుకుని నిద్రపోయాను. తెల్లారి లేచేసరికి ఆయన గొంతు పూర్తిగా పడిపోయి ఉంది. రాత్రంతా పాడాడు.

*

మా బళ్ళో ఇంగ్లీషు సారు ఒకాయన డిక్ టర్పిన్ కథ చెప్పేవాడు. నల్లగుర్రం బ్లాక్ బెస్ మీద లండన్ నుంచి యార్క్ దాకా ఒక్క పరుగున పోయిన దారిదొంగ. గుర్రం యార్క్ చేరగానే కూలి చచ్చిపోతుంది. సారు చెప్తుంటే క్లాసంతా ఏడ్చాం. నేను కూడా టీచరునయ్యాక ఆ కథనే నా పిల్లలకు చెప్పాను, చాలా ఏళ్ళు.

తర్వాత అసలు సంగతి చదివి చాలా బాధపడ్డాను. టర్పిన్ కసాయి పని నేర్చినవాడు. ఒక ముఠాతో కలిసి రాత్రిపూట ఒంటరి ఇళ్ళలో జొరబడేవాడు. పైసలు ఎక్కడున్నాయో చెప్పకపోతే నిప్పు మీద కూర్చోబెడతామని ఒక ముసలి విధవను బెదిరించిన ముఠా అది. తర్వాతనే బాటల మీద దోపిడీలకు దిగాడు. ఆ గుర్రపు పరుగు ఆయనది కానే కాదు. 1676లో నెవిసన్ అనే ఇంకో దారిదొంగ చేశాడని అంతకుముందే చెప్పుకునేవాళ్ళు. బ్లాక్ బెస్‌ను, ఆ పరుగును టర్పిన్‌కు కట్టబెట్టింది 1834లో వచ్చిన ఒక నవల. అప్పటికి ఆయన్ని ఉరి తీసి 95 ఏళ్ళు.

ఆయన పట్టుబడిన తీరు మాత్రం టీచరుగా నన్ను వదలలేదు. పామర్ అనే దొంగపేరుతో యార్క్ జైలులో ఉండి బావమరిదికి ఉత్తరం రాశాడు. బావమరిది ఉత్తరం తీసుకోలేదు. అది పోస్టాఫీసులో పడి ఉంటే, చిన్నప్పుడు టర్పిన్‌కు అక్షరాలు దిద్దించిన పంతులు ఆ చేతిరాత చూసి గుర్తుపట్టాడు. అలా 1739 ఏప్రిల్‌లో, గుర్రాలు దొంగిలించిన నేరానికి ఉరి పడింది.

దసరా సెలవులకు ఊరికి పోయి ఇదంతా పెద్దనాయనకు చెప్పాను. ఆయన వాకిట్లో పగ్గం పేనుతున్నాడు. చివరిదాకా విన్నాడు.

"గుర్రం కథ అబద్ధమైతే కానీ తియ్యి. ముసలిదాన్ని బెదిరిచ్చినోనికి పాటెందుకు?" అన్నాడు.

నేను ఊరుకోక, మరి సాయన్న పాట నిజమని ఎట్లా అంటున్నవు, అదీ ఎవరో కట్టిందే కదా అన్నాను. పగ్గం పేనడం ఆపి నా దిక్కు చూశాడు. కోపం లేదు. చదువుకున్న బిడ్డ ఇంత చిన్న సంగతి అడిగిందేమిటని చూసినట్టుంది.

"మా తాత ఆ జొన్నలు తిన్నడు బిడ్డా."

మళ్ళీ పగ్గం పేనుకోవడంలో పడ్డాడు.

*

మా మేనత్తను భువనగిరి దిక్కు ఇచ్చారు. ఎండాకాలం ఆమె ఇంటికి పోతే అక్కడ సాయన్న లేడు, సర్వాయి పాపన్న ఉన్నాడు. భువనగిరి గుట్ట చూపించి, పాపన్న దీని మీదికి దండెత్తినోడు అని మామయ్య చెప్పేవాడు. శారదకథ చెప్పేవాళ్ళు తంబూర మీటుతూ, గుమ్మెట వాయిస్తూ పాపన్న కథను తెల్లవార్లూ సాగదీసేవాళ్ళు. కల్లుగీత కులంలో పుట్టినవాడు, ఖిలాషాపురం దగ్గర కోట కట్టినవాడు, వరంగల్లు–హైదరాబాదు బాట మీద పోయే షావుకార్లను కొల్లగొట్టినవాడు. 1708లో ఓరుగల్లు కోటలోకి చొచ్చుకుపోయాడు, అదే ఏడాది భువనగిరి మీద పడ్డాడు. రెండేళ్ళకు, 1710లో పట్టుబడ్డాడు. తల ఢిల్లీకి పంపారు, మొండెం హైదరాబాదు దర్వాజాకు వేలాడదీశారు.

మొగలుల కాలపు చరిత్రకారుడు ఖాఫీఖాన్ ఆయన్ని తిట్టని తిట్టు లేకుండా తిడుతూ రాశాడు. మన పాటలో ఆయన రాజు. 1874లో బాయిల్ అనే ఇంగ్లీషాయన ఆ పాటను పత్రికకెక్కించేదాకా అది జనం గొంతులోనే బతికింది. ఖాఫీఖాన్ పుస్తకం దొరబాబుల దిక్కు నుంచి చూసింది, పాట గౌండ్ల ఇంటి నుంచి చూసింది. పాపన్న ఆడవాళ్ళను కూడా చెరపట్టాడని ఆ పుస్తకంలో ఉంది. అది పట్టించుకోకుండా దాటిపోవడం నాకు చేతకాదు, ఆయన్ని కడిగి దేవుణ్ణి చేయాలనీ లేదు. కానీ గీత కార్మికుడు కోట కట్టిన ముచ్చట మూడు వందల ఏళ్ళు ఎందుకు నిలిచిందో, ఆ కథ వినే జనం ముఖాలు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కళ్ళు మిలమిల మెరిసేవి. మా మామయ్య అంత మౌనంగా ఉండే మనిషి కూడా కోట పట్టే ఘట్టంలో లేచి నిలబడేవాడు.

*

బండ్లు పోయి ట్రాక్టర్లు వచ్చాయి. తర్వాత డీసీఎం వ్యాన్లు. కిన్నెరాయన ఒక ఏడు రాలేదు, మరుసటి ఏడు రాలేదు. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన పేరు కూడా మాకెవరికీ తెలియదు. కిన్నెరాయన అనే పిలిచాం అందరం. ఈ ఒక్క సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు పట్టేస్తుంది.

2022లో కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ ప్రకటించిన రోజు పెద్దనాయన ఫోన్ చేశాడు. తనంతట తాను నాకు ఫోన్ చేసిన మనిషి కాదు, మనవడితో కలిపించుకున్నాడు.

"కిన్నెర టీవీల వచ్చింది బిడ్డా. పన్నెండు మెట్లది. సాయన్న పాట గూడ పాడుతడంట ఆయన."

"మనింటికొచ్చిన కిన్నెరాయన వాళ్ళేనా?" అన్నాను.

"ఎవలో. కానీ చప్పుడు గదే."

అప్పుడు అడిగాను, ఇన్నేళ్ళకు. ఆ రాత్రి తోపులో నిజంగా సాయన్న మనుషులుంటారని పాడినవా అని. ఫోన్‌లో చాలాసేపు ఏమీ వినపడలేదు. లైను కట్ అయిందనుకున్నాను.

"ఎద్దులు బెదురుతుండె. నేను భయపడుతున్నట్టు వాటికి తెల్వొద్దని పాడిన" అన్నాడు. కొంచెం ఆగి, "నీకు గూడ" అన్నాడు.

*

గొట్టం పట్టుకుని కొట్టంలో ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. పెద్దమ్మ వెతుక్కుంటూ వచ్చింది. తోపు గురించి అడిగాను. రోడ్డు వెడల్పు చేసినప్పుడు చెట్లు కొట్టేశారంది. వాగు మీద వంతెన వేశారంట. నేను వచ్చేటప్పుడు కారులో ఆ చోటు దాటే ఉంటాను, తెలియనే లేదు.

సాయన్న పాట ఏమన్నా గుర్తుందా పెద్దమ్మా అని ఫోన్ రికార్డింగ్ పెట్టి ఆమె ముందు పట్టుకున్నాను. గోడకు ఒరిగి కళ్ళు మూసుకుంది. రెండు ముక్కలు పాడింది. గాదె తలుపు దగ్గరికి వచ్చేసరికి ఎవరికి ఎన్ని గింజలో లెక్క తప్పింది. మళ్ళీ మొదటి నుంచి అందుకుంది. మళ్ళీ అక్కడే ఆగింది. ముసలమ్మ తర్వాత బాలింతా, కాలు విరిగినవాడా అని నన్నే అడిగింది. బాలింత అన్నాను. అక్కడి నుంచి ఇంకో మూడు ఇళ్ళు దాటింది.

గొట్టం నేను తీసుకుపోతానంటే, దానిలో ఏమున్నదని అనుకుంటున్నట్టు చూసింది. తర్వాత కొంగుతో దుమ్మంతా తుడిచి, లోపలికి వేలు పెట్టి చూసి, నా చేతికిచ్చింది.

"ఎండింది గానీ పోలేదు. కొంచెం ఆముదం పొయ్యి, కరుగుతది."